కలంకారీ కుర్తా చీటీ మీద ‘సహజ రంగులు’ అని రాసే ముందు ఏమి చూడాలి?

ప్రశ్న – కుట్టుగది, హైదరాబాద్
నమస్కారం. ఇద్దరు దర్జీలను పెట్టుకుని ఆడవాళ్ల కుర్తాలు కుట్టించి అమ్ముతున్నాను. వచ్చే సంక్రాంతికి పెడన కలంకారీ కుర్తాలు తేవాలని ఉంది. నగరంలో ఒక టోకు దుకాణంలో చూసిన గుడ్డ, పెడన నుంచి నేరుగా తెప్పించుకున్న నమూనా పైకి ఒకేలా ఉన్నాయి. రెండోదాని ధర దాదాపు రెట్టింపు. ఇద్దరూ ‘సహజ రంగులే’ అంటున్నారు. కొనేవాళ్లు నా మాట నమ్మి కొంటారు కాబట్టి నాకు నిజం తెలియాలి. తేడా ఎలా పట్టుకోవాలి? రంగులు సహజమైతే నీటికి హాని లేనట్టేనా?

జవాబు – అచ్చుబల్ల, పెడన
అమ్మా, మాది తాతల నాటి నుంచి అద్దకం పనే. ముందు గుడ్డ నేల, అంటే అచ్చు పడని చోటి రంగు, చూడండి. కరక్కాయ నీళ్లు తాగిన గుడ్డ మీగడ రంగుకు తిరుగుతుంది. పాలలాంటి తెల్లని నేల మీద ఎరుపూ నలుపూ ఉంటే నేను అనుమానిస్తాను. తర్వాత తిరగేయండి. ఉడికించిన రంగు దారంలోకి దిగి వెనకవైపు కూడా కనిపిస్తుంది. స్క్రీన్ (జాలీ చట్రం) మీద రుద్దిన పిగ్మెంటు, అంటే బంకతో అంటించే రంగుపొడి, పైపొరలోనే ఉండి వేలికి బిరుసుగా తగులుతుంది. టేకు అచ్చులు కలిసే చోట గీత ఒక నూలుపోగంత జరుగుతుంది. దాన్ని లోపమని వెనక్కి పంపకండి, చేయి పడిందనడానికి అదే గుర్తు.

నలుపుకు ఇంకో పరీక్ష ఉంది. తుప్పు పట్టిన ఇనుమును బెల్లం నీళ్లలో రోజుల తరబడి పులియబెట్టి, ఆ నీళ్లతో అచ్చు వేస్తాం. కరక్కాయ వగరుతో ఇనుము కలిసి, నలుపు గుడ్డ మీదే పుడుతుంది. ఒక పీలిక మీద నిమ్మరసం చుక్క వేసి కాసేపు ఉంచండి. ఇనుప నలుపు వెలిసిపోతుంది, పిగ్మెంటు నలుపు అలాగే ఉంటుంది.

ఇక ఎరుపు. పటిక అచ్చు వేసి, ఆరబెట్టి, పారే నీటిలో ఉతికి, ఆపైన రంగులో ఉడికిస్తాం. పటిక ఉన్న చోటే ఎరుపు పట్టుకుంటుంది. అయితే ఆ రంగు ఇప్పుడు చాలాచోట్ల మంజిష్ఠ వేరుది కాదు, డబ్బాలో వచ్చే అలిజరిన్. 1868లో జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు గ్రేబె, లీబర్‌మన్ దాన్ని ప్రయోగశాలలో తయారు చేశారు. వేరులో ఉన్న రంగు పదార్థమే కాబట్టి సహజమేనని కొందరు వాదిస్తారు. నేను ఒప్పుకోను. ‘ఎరుపు వేరుదా, డబ్బాదా?’ అని సూటిగా అడగండి. పని తెలిసినవాళ్లు సూటిగానే చెబుతారు.

అన్నిటికంటే ముఖ్యమైనది గడువు. మా పనికి ఎండ కావాలి, పారే కాలువ కావాలి. వానల్లో గుడ్డ ఆరదు. వేసవిలో కృష్ణా కాలువలు కట్టేస్తే ఉతుకు ఆగుతుంది. ‘పది రోజుల్లో అయిదు వందల మీటర్లు’ అని ఫోను చేసేవారికి స్క్రీన్ గుడ్డ తప్ప ఇంకేమి వెళుతుంది? ఆ తొందర వల్లే మా ఊళ్లో అచ్చుబల్లలు ఒక్కొక్కటీ మూలపడుతున్నాయి. నాకు కడుపు మండేది ఇక్కడే. సంక్రాంతి సరుకు కావాలంటే వేసవికి ముందే చెప్పి, సగం డబ్బు ఇవ్వండి. ఒక తానుకూ ఇంకో తానుకూ ఎరుపు కొద్దిగా మారితే ఒప్పుకోండి.

జవాబు – శుద్ధి కేంద్రం, తిరుపూర్
నీటి సంగతి నేను చెబుతాను. మాది గుంటూరు, ఇక్కడ అద్దకం నీళ్లను శుద్ధి చేసే చోట పని చేస్తున్నాను. బనియన్లకు వాడే రియాక్టివ్ రంగులు (ఒక రకం రసాయన రంగులు) నూలుకు పట్టాలంటే లీటరు నీటికి పదుల గ్రాముల ఉప్పు వేయాలి. ఆ ఉప్పంతా నీళ్లతోనే బయటికి వస్తుంది. ఇక్కడి నొయ్యల్ నది మీద సాగుకోసం 1992లో పూర్తయిన ఒరత్తుప్పాళయం జలాశయంలో ఈ నీళ్లే నిండాయి. చివరికి ఆ నీళ్లు పొలాలకు వదలవద్దని రైతులే అడ్డుపడ్డారు. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అద్దకం యూనిట్లను మూయించింది. ఒక్క చుక్కా బయటికి వదలకూడదన్న నియమం పాటిస్తేనే తిరిగి తెరవనిచ్చారు. ఇప్పుడు నీటిని వడకట్టి మళ్లీ వాడుతున్నారు, మిగిలిన ఉప్పు మాత్రం గుట్టలుగా పడి ఉంది.

కరక్కాయ, పటిక పనిలో ఇంత ఉప్పు ఉండదు. అది పెద్ద మేలే. కానీ ఉడికించడానికి కట్టెలు కాలుతాయి, ఉతకడానికి నీళ్లు చాలా పోతాయి, పటికా ఇనుమూ కాలువలో కలుస్తాయి. తొట్టి నీళ్లు ఎక్కడ వదులుతారో కూడా అడగండి.

జవాబు – మగ్గం ఇల్లు, చీరాల
రంగు గురించే మాట్లాడుతున్నారు, అడుగున ఉన్న గుడ్డ మాటేమిటి? కలంకారీ అని అమ్మేదాంట్లో చాలావరకు మిల్లు గుడ్డే. చేనేత గుడ్డ మీద అద్దించండి, చేనేతకు ప్రభుత్వం ఇచ్చే ‘హ్యాండ్లూమ్ మార్క్’ ముద్ర ఉందో లేదో చూడండి. ఒక్క కుర్తాతో రెండు ఇళ్లకు పని దొరుకుతుంది.

కుట్టుగది, హైదరాబాద్
అందరికీ ధన్యవాదాలు. నిమ్మరసం వేసి చూశాను. దుకాణం గుడ్డ నలుపు కదల్లేదు, పెడన నమూనా గోధుమ రంగుకు తిరిగింది. ఎరుపు సంగతి పెడనవాళ్లను అడిగితే ‘అలిజరినే’ అని వెంటనే చెప్పారు. అలాంటప్పుడు చీటీ మీద ఏమి రాయమంటారు?

అచ్చుబల్ల, పెడన
ఉన్నది ఉన్నట్టు రాయండి అమ్మా: ‘పెడన చేతి అచ్చు. నలుపు ఇనుము, బెల్లం, కరక్కాయలతో. ఎరుపు పటిక, అలిజరిన్‌లతో.’ మొదటిసారి విడిగా, చల్లటి నీళ్లలో ఉతికి నీడన ఆరేయమని కింద చేర్చండి. మంజిష్ఠతోనే కావాలంటే కొద్ది మీటర్లకు ముందుగా చెప్పి చేయించుకోండి, ధర ఇంకా పెరుగుతుంది.