పబ్లిక్ రేడియో, టీవీల్లో కోత తప్పదంటే సంస్కృతి కార్యక్రమాలను వదిలేయాలా?

రాత్రిశ్రోత:
ప్రజల సొమ్ముతో నడిచే రేడియో, టీవీ సంస్థలకు డబ్బు కటకట వస్తే ముందు వేటు పడేది సంగీతం, నాటకం, సాహిత్యం మీదే. వార్తలు తగ్గిస్తే గోల, ఆటలు తగ్గిస్తే ఇంకా పెద్ద గోల. అర్ధరాత్రి కచేరీ తీసేస్తే అడిగే నాథుడు ఉండడు. 2023 మార్చిలో బీబీసీ తన ‘బీబీసీ సింగర్స్’ గాయక బృందాన్ని మూసేస్తానంది. 1924లో పుట్టిన బృందం అది. ఉన్నది ఇరవై మంది, నూరేళ్లు నిండడానికి ఏడాది ఉంది. లక్షకు పైగా సంతకాలు వచ్చి పడ్డాక, మూడు వారాలు తిరక్కముందే నిర్ణయాన్ని ఆపేసింది. ప్రతిసారీ ఇలా జనం రోడ్డెక్కాలా? ఈ బడ్జెట్‌ను ఎవరూ ముట్టుకోకుండా చట్టంలోనే విడిగా పెట్టేయాలంటాను. మీరేమంటారు?

లెక్కలపద్దు:
ఒప్పుకోను. కచేరీ వినేది గుప్పెడు మంది, ఈ సంస్థల కోసం ఫీజు కట్టేది అందరూ. వార్తలు తప్ప ఏమీ చూడనివాడు ఎవరి సింఫనీకో ఎందుకు కట్టాలి? పైగా యూట్యూబ్‌లో దొరకని పాట ఉందా ఇప్పుడు? ఇరవై ఏళ్ల కిందటైతే మీ మాట చెల్లేది.

టేపుడబ్బా:
యూట్యూబ్‌లో దొరుకుతుంది, సరే. అక్కడికి ఎలా వచ్చింది? పాత రికార్డింగుల్లో ఎన్నో ఏదో ఒక రేడియో స్టూడియోలో జీతగాడైన ఇంజనీరు కూర్చుని పట్టినవే. నేనూ అలాంటి స్టూడియోలో పదకొండేళ్లు చేశాను, పేరు వద్దులెండి. కొత్త గాయకుడు వస్తే మైకు జానెడు ముందుకా, వెనక్కా అని తేల్చడానికే అరగంట పట్టేది. అతని గొంతు వణుకు తగ్గడానికి ఇంకో అరగంట. ఖర్చు తగ్గింపు పేరుతో మా విభాగంలో ఇద్దరినే మిగిల్చారు. అంతే, కొత్త రికార్డింగులు ఆగిపోయాయి, పాత టేపులే తిప్పితిప్పి వేశాం. డబ్బా మూత తీస్తే గోధుమరంగు పొడి రాలేది. పైన పెన్సిల్‌తో రాసిన పేర్లు చెరిగిపోయి, పాడిందెవరో తెలియక రిటైరైన అనౌన్సర్‌కు ఫోన్ చేసేవాళ్లం. ఆయన పోయాక అడగడానికీ ఎవరూ లేకపోయారు.

బీబీసీలోనే రేడియోఫోనిక్ వర్క్‌షాప్ అని, కార్యక్రమాలకు కొత్త రకం శబ్దాలు, సంగీతం తయారుచేసే విభాగం ఉండేది, 1958లో పెట్టారు. చేతికి సింథసైజర్ కూడా లేని 1963లో, ఒక సీరియల్ టైటిల్ సంగీతం కోసం అక్కడ పనిచేసే డెలియా డెర్బిషైర్ మీటిన తీగ శబ్దాన్ని టేపు మీదికి ఎక్కించి, స్వరస్వరానికీ వేగం మార్చి, ముక్కలు కోసి అతికించింది. 1990లలో ప్రతి విభాగమూ తన ఖర్చు తానే రాబట్టుకోవాలన్న పద్ధతి పెట్టారు. వర్క్‌షాప్ రాబట్టలేకపోయింది, 1998లో మూతపడింది. ఆ టేపు ముక్కల విలువ ఏ పద్దులో రాస్తారు సార్?

లెక్కలపద్దు:
మీ టేపుల సంగతి చదివితే బాధగానే ఉంది. కానీ చట్టం అనగానే నా భయం వేరు. కోటా పెడితే కోటా నింపుతారు. తెల్లవారుజామున మూడింటికి పాత కచేరీ మళ్లీ వేసి, ‘లక్ష్యం పూర్తి’ అని రిపోర్టు రాసేస్తారు. డెన్మార్క్‌ చూడండి. అక్కడి రేడియో చాంబర్ ఆర్కెస్ట్రాను, అంటే చిన్న వాద్యబృందాన్ని, 2014 చివర్లో ఎత్తేశారు. వాద్యకారులు చందాలు పోగేసుకుని బయట సొంతంగా నిలబడ్డారు. అభిమానులుంటే బతుకుతుంది.

శ్రుతిపెట్టె:
అప్పటికే పేరున్న బృందం కాబట్టి బతికింది. నెదర్లాండ్స్‌లో రేడియో కామర్ ఫిల్‌హార్మనీ అనే ఆర్కెస్ట్రాను 2013లో రద్దు చేశారు, దాన్ని ఎవరూ లేపలేదు. ఇటలీలో ప్రభుత్వ ప్రసార సంస్థ రాయ్ 1994లో వేర్వేరు నగరాల ఆర్కెస్ట్రాలను కలిపేసి టురిన్‌లో ఒక్కదాన్ని మిగిల్చింది. రోమ్, మిలన్‌లలోని రాయ్ ఆర్కెస్ట్రాలు ఆ దెబ్బతో పోయాయి.

వినేది కొందరే, నిజమే. కానీ కట్టేవాళ్లకు ఇష్టం లేదని ఎలా అంటారు? స్విట్జర్లాండ్‌లో 2018 మార్చి 4న ఫీజునే రద్దు చేద్దామా అని ఓటు పెడితే 71.6 శాతం వద్దన్నారు.

కోటా విషయంలో మాత్రం మీరన్నది నిజం. గంటలు లెక్కపెట్టడం వల్ల లాభం లేదు. ఏడాదికి ఇన్ని కొత్త రికార్డింగులు, రాయించాల్సిన కొత్త నాటకాలు ఇన్ని, శాశ్వత సిబ్బంది ఇంతమంది అని రాయాలి. పునఃప్రసారాన్ని లెక్కలోకి తీసుకోకూడదు.

రాత్రిశ్రోత:
నిజం చెప్పాలంటే నేను ప్రసార సమయం గురించే ఆలోచించాను. సిబ్బంది సంగతి నాకు తట్టలేదు.

లెక్కలపద్దు:
స్విస్ ఓటు మొత్తం సంస్థ మీద జరిగింది, కచేరీల మీద కాదు. దాన్ని ఇటు లాగకండి. పునఃప్రసారం లెక్కలోకి రాదన్న షరతు మాత్రం బాగుంది, దానికి నేనూ చెయ్యెత్తుతా. అయితే ఆ డబ్బు ఎక్కణ్నుంచి తెస్తారు? వార్తల్లోంచా, ఆటల హక్కుల్లోంచా?

టేపుడబ్బా:
ఆటల హక్కుల్లోంచి. ఇక నన్ను తిట్టడానికి ఇంకో చర్చ మొదలుపెట్టండి.