అంబాసిడర్ మార్క్ 3: బ్రేక్ లైట్ స్విచ్ దగ్గర లూజ్ కాంటాక్ట్

ప్రశ్న:
ఇగ్నిషన్ ఆన్‌లో పెడల్ నొక్కితే బ్రేక్ లైట్లు ఒకసారి వెలుగుతాయి, ఇంకోసారి వెలగవు. స్విచ్ దగ్గర వైర్లు కదిపితే వస్తున్నాయి. బల్బులు, ఫ్యూజు బాగానే ఉన్నాయి. లగ్గులను (వైరు కొనకు ఉండి స్విచ్‌కు తొడిగే లోహపు ముక్కలు) ప్లయర్‌తో నొక్కి బిగిస్తే రెండు రోజులు పనిచేసి మళ్లీ మొదటికొచ్చింది. ఒక లగ్గు మీది ప్లాస్టిక్ తొడుగు గోధుమరంగుకు తిరిగి, ముట్టుకుంటే పొడిగా రాలుతోంది. స్విచ్ మార్చాలా, వైరింగ్ మార్చాలా?

జవాబు 1:
ఆ రాలుతున్న తొడుగే జవాబు చెబుతోందన్నా. అక్కడ వేడి పుడుతోంది. 21 వాట్ల బల్బులు రెండూ కలిసి దాదాపు 3.5 ఆంపియర్లు లాగుతాయి. కాంటాక్ట్ వదులై అర ఓమ్ అడ్డు వచ్చినా ఆ ఒక్క చోటే సుమారు 5 వాట్ల వేడి. వేడికి లగ్గు ఇత్తడి మెత్తబడి పట్టు పోతుంది, పట్టు పోయేకొద్దీ ఇంకా కాలుతుంది. అందుకే నొక్కి బిగించినది నిలవదు.

ముందు స్విచ్ సంగతి తేల్చుకోండి. రెండు వైర్లూ పీకి, ఇగ్నిషన్ ఆన్ చేసి, వాటి కొనలు ఒకదానికొకటి ఆనించండి. కరెంటు వచ్చే ఆకుపచ్చ వైరు బాడీకి తగిలితే ఫ్యూజు పోతుంది, జాగ్రత్త. లైట్లు నిలకడగా వెలిగితే వెనక వైరింగ్ బాగున్నట్టే, తప్పు స్విచ్‌లోనో లగ్గుల్లోనో ఉంది. వెలగకపోతే ఆకుపచ్చ వైరులో కరెంటు ఉందేమో టెస్ట్ ల్యాంప్‌తో చూడండి. ఇండికేటర్లకూ కరెంటు ఆ ఆకుపచ్చ వైరింగ్ నుంచే. అవి వెలుగుతుంటే ఫ్యూజు మీద అనుమానం అక్కర్లేదు. స్విచ్ నుంచి వెనక్కి పోయేది ఆకుపచ్చ మీద ఊదా గీత ఉన్న వైరు.

లగ్గులు మార్చేటప్పుడు బ్యాటరీ ఎర్త్ (బాడీకి కలిపే వైరు) తీసేయండి. పాత లగ్గు కోసి, రాగి తీగ ఎర్రగా మెరిసే దాకా తోలు ఒలవండి. లోపల తీగ నల్లబడితే దాని మీద ఎంత గట్టిగా నొక్కినా లాభం లేదు. వైరు పొట్టిదైతే 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగ అతికించి స్లీవ్ వేయండి. లగ్గును అసలు క్రింపింగ్ ప్లయర్‌తోనే నొక్కండి. మామూలు ప్లయర్‌తో చదును చేస్తే తీగల మధ్య సందులు మిగులుతాయి. టంకం ఒద్దు: అది తీగలోకి పాకి గట్టిపడుతుంది, అది ఆగిన చోట అదురుకు వైరు విరుగుతుంది. కొత్త లగ్గు ఎక్కించాక పెట్రోలియం జెల్లీ కాస్త రాయండి. చివరగా వైరును ఒక అరచెయ్యి దూరంలో క్లిప్పుతో కట్టండి. బరువు లగ్గు మీద వేలాడకూడదు.

జవాబు 2:
పై దాంతో పాటు ఒకటి. టెయిల్ లైట్ వెలుగుతుండగా బ్రేక్ నొక్కితే మిగతా దీపాలు మసకబారితే తప్పు వెనక హోల్డర్ ఎర్త్‌లో ఉంది. హోల్డర్ బాడీకి ఆనే చోట పెయింటు, తుప్పు గరకు కాగితంతో గీకి, నట్టు కింద నల్ల వైరు విడిగా వేయండి.

జవాబు 3:
ఆ స్విచ్ బ్రేకు ఆయిల్ ఒత్తిడితో పనిచేసేది. టెర్మినల్ (స్విచ్ మీద లగ్గు ఎక్కే నాలుక) మొదట్లో చెమ్మ కనబడితే లోపలి సీలు పోయినట్టే, లగ్గులు మార్చి లాభం లేదు. కొత్తది పాతదాని మరలతోనే సరిపోవాలి. టెఫ్లాన్ టేపు చుట్టొద్దు, ముక్క తెగి పైపులోకి పోతుంది. స్విచ్ విప్పితే గాలి చేరుతుంది కాబట్టి బ్లీడింగ్ (ఆ గాలి బయటికి తీయడం) చేయకుండా బండి రోడ్డెక్కించొద్దు. కారిన ఆయిల్ పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడగండి.

ప్రశ్న అడిగినవారు:
చెమ్మ లేదు. వైర్లు కలిపితే లైట్లు నిలకడగా వచ్చాయి. పెడల్ నొక్కి ఉంచి, వైరుకూ టెర్మినల్‌కూ మధ్య పోతున్న వోల్టేజి కొలిస్తే ఆకుపచ్చ వైపు లగ్గు మీద 1.4 వోల్టులు, ఊదా గీత వైపు 0.1, స్విచ్ రెండు టెర్మినళ్ల మధ్య 0.1.

జవాబు 1:
వోల్టేజి పోతున్నది ఆకుపచ్చ లగ్గు దగ్గరే. స్విచ్ బాగుంది, ముట్టుకోకండి. ఆకుపచ్చ లగ్గు మార్చండి, ఆ టెర్మినల్ నాలుకను సన్న గరకు కాగితంతో మెరిసేదాకా రుద్దండి. తరువాత మళ్లీ కొలిచినప్పుడు అక్కడ కూడా 0.1 దగ్గరికి రావాలి.