డాలర్ పెత్తనం పోతోందా, పోయిందని మనమే అనుకుంటున్నామా?

రావిచెట్టు అరుగు:
టీవీ పెడితే చాలు, పడమటి దేశాల పని అయిపోయింది, ఇక పెత్తనం నలుగురి చేతుల్లో ఉండే బహుళ ధ్రువ ప్రపంచమే అంటున్నారు. బ్రెజిల్, రష్యా, ఇండియా, చైనా, దక్షిణాఫ్రికాల కూటమి బ్రిక్స్‌లో 2024లో ఈజిప్టు, ఇథియోపియా, ఇరాన్, యూఏఈ చేరాయి. 2025 జనవరిలో ఇండొనేసియా చేరింది. సరే. పెత్తనం ఎవరిదో తెలియాలంటే సభ్యుల్ని లెక్కపెట్టాలా, డబ్బు ఎవరి చేతుల మీదుగా పోతోందో చూడాలా? రెండోదే చూడాలంటాను. ఆ లెక్కన పెద్దగా ఏమీ మారలేదు. మీరేమంటారు?

లెక్కల మాస్టారు:
మారలేదని ఎలా అంటారండీ? 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలవగానే రష్యా కేంద్ర బ్యాంకు నిల్వల్లో సుమారు 30 వేల కోట్ల డాలర్లు పడమటి దేశాలు కదలకుండా కట్టేశాయి. పరాయి ఇంట్లో దాచుకున్న సొమ్ము ఆ ఇంటాయనకి కోపం వస్తే చేతికి రాదని అందరికీ ఆ రోజే అర్థమైంది. 2022, 23, 24 మూడేళ్లూ కేంద్ర బ్యాంకులు కలిసి ఏటా వెయ్యి టన్నుల పైనే బంగారం కొన్నాయి. మన సంగతే చూడండి. 1991లో దాదాపు 47 టన్నుల బంగారం పరాయి బ్యాంకుల్లో తాకట్టు పెట్టి తల దించుకున్నాం. 2023-24లో బ్రిటన్‌లో ఉంచిన మన బంగారంలోంచి రిజర్వ్ బ్యాంకు 100 టన్నులు ఇంటికి తెచ్చుకుంది. 2000 ప్రాంతంలో ప్రపంచ కేంద్ర బ్యాంకుల విదేశీ కరెన్సీ నిల్వల్లో డాలర్ వాటా 70 శాతం పైన. ఇప్పుడు 60 లోపు.

రావిచెట్టు అరుగు:
60 లోపంటే ఇంకా సగానికి పైనే కదా మాస్టారూ. బంగారం బీరువాలోకి బాగుంటుంది, రోజూ చమురు కొనడానికి పనికిరాదు. రష్యాతో రూపాయల్లో కానిద్దామని 2022 జులైలో రిజర్వ్ బ్యాంకు దారి తెరిచింది. ఏమైంది? 2022-23లో రష్యా నుంచి మనం కొన్నది దాదాపు 4,600 కోట్ల డాలర్ల సరుకు. అమ్మింది 300 కోట్ల పైచిలుకు. రూపాయలు మన బ్యాంకుల్లోనే గుట్ట పడ్డాయి. వాటిని వాడుకునే దారి లేదని 2023 మేలో గోవా వచ్చిన రష్యా విదేశాంగ మంత్రి లావ్రోవ్ పైకే అనేశాడు. చివరికి కొంత సొమ్ము యూఏఈ దిర్హామ్‌లలో కట్టారు. దిర్హామ్ సంగతేంటి? 1997 నుంచి డాలరుకి 3.6725 చొప్పున కట్టేసిన కరెన్సీ. తాడు పొడుగైంది, గుంజ అదే.

డల్లాస్ నైట్ షిఫ్ట్:
గుంజ మాట అదిరింది. 2025 సెప్టెంబర్‌లో కొత్త హెచ్1బీ వీసాకి లక్ష డాలర్లు అన్న రాత్రి మా గ్రూపులో బహుళ ధ్రువం ఊసెత్తినవాడు లేడు. అంతా ఫ్లైట్ టికెట్ల టెన్షనే.

పాత పేపర్ల కట్ట:
ఇవి నాలుగేళ్లలో తేలే లెక్కలు కావు. అమెరికా ఆర్థిక వ్యవస్థ 19వ శతాబ్దం చివరికే బ్రిటన్‌ని దాటేసింది. అయినా పౌండ్ ఇంకా దశాబ్దాల పాటు రాజ్యమేలింది. దాని పరువు నిండు సభలో పోయింది 1956లో. ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ సూయజ్ కాలువను జాతీయం చేస్తే బ్రిటన్, ఫ్రాన్స్, ఇజ్రాయెల్ దండెత్తాయి. యుద్ధం బాగానే నడుస్తోంది, పౌండ్ మాత్రం జారిపోతోంది. వెనక్కి తగ్గేదాకా అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐఎంఎఫ్) సాయానికి ఒప్పుకోనని అమెరికా మొండికేసింది. బ్రిటన్ మూటా ముల్లె సర్దుకుంది. ఇక్కడే మాస్టారి వాదన నాకు కుదరడం లేదు. ఇప్పుడు అమెరికాని అలా కూర్చోబెట్టగల అప్పిచ్చేవాడెవడు? ఐఎంఎఫ్‌లో పెద్ద నిర్ణయాలకి 85 శాతం ఓట్లు కావాలి, అమెరికా ఒక్కదానికే 16 శాతం పైన ఉన్నాయి. అది వద్దంటే పని జరగదు.

భీమవరం చెరువుగట్టు:
అంతా చదివానండీ. మాది రొయ్యల సాగు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతం చేసింది. అందులో సగం రష్యా చమురు కొంటున్నందుకట. చమురు కొన్నది కంపెనీలు, దెబ్బ తగిలింది చెరువు పట్టిన రైతుకి. చైనాకి అమ్ముకోండి అంటారు. అమ్ముతున్నాం. కానీ అమెరికాకి పోయేది ఎక్కువగా వలిచిన రొయ్య, చైనా వాళ్లు తలతో ఉన్నదే అడుగుతారు. ఆ ఆర్డరు వస్తే వలిచే షెడ్డులో ఆడవాళ్లకి పనేదండీ?

లెక్కల మాస్టారు:
నిజమే. అలాగని కొనేవాడు ఒక్కడే ఉండటం మేలంటారా?

భీమవరం చెరువుగట్టు:
మేలనలేదండీ. రెండోవాడు ఉండబట్టే చెరువు ఎండగట్టలేదు. కానీ మా గట్టు మీద కొనేవాళ్లు ఇప్పటికీ అమెరికా ఆర్డరు సంగతి కనుక్కున్నాకే రేటు చెప్తున్నారు.