క్రౌన్ పినియన్ మార్చాక జీపు మీటరు తక్కువ చూపిస్తోంది, ఏం చేయాలి?

ప్రశ్న (నర్సీపట్నం నుంచి)

అందరికీ నమస్కారం. నాది పాత మహీంద్రా డీజిల్ జీపు, ఫోర్ వీల్ డ్రైవ్. ఘాట్ రోడ్డులో బాగా లాగేది కానీ హైవే ఎక్కితే 60 దగ్గరే ఇంజన్ మోత భరించలేకపోయేవాళ్లం. అందుకని వెనక హౌసింగ్‌లో (వెనక ఇరుసు గేర్లుండే పెట్టె) 8/43 క్రౌన్ పినియన్ (షాఫ్ట్ తిరుగుడును చక్రాలకు అందించే గేర్ల జత, 8, 43 అనేవి వాటి పళ్లు) తీసి 8/39 వేయించాను. పనిలో పనిగా 215/75 ఆర్15 టైర్లు తీసేసి నాలుగూ 235/75 ఆర్15 వేశాం. ఇంజన్ ఇప్పుడు హాయిగా తిరుగుతోంది, గొడవంతా మీటరుతోనే. ఫోన్ జీపీఎస్‌లో 60 ఉంటే ముల్లు 48 చూపించేది. మీటరు షాపులో ముల్లు పీకి ముందుకు జరిపి పెట్టారు. 60 దగ్గర సరిపోయింది గానీ, బండి ఆపితే ముల్లు 12 మీద నిలబడుతోంది. 30లో వెళ్తుంటే 36 అంటోంది. ఏం చేయమంటారు?

జవాబు (విజయవాడ ఆటోనగర్‌లో మీటర్ల పని చేస్తాను)

తమ్ముడూ, ముందు ఆ ముల్లును మళ్లీ సున్నా మీద పెట్టించు. తేడా ఒక్కో వేగం దగ్గర ఒక్కోలా పెరుగుతూ పోతుంది. 60లో 12 తక్కువైతే 30లో 6 తక్కువ, 80లో 16 తక్కువ. అన్నిచోట్లా ఒకే 12 కలిపితే ఒక్క 60 దగ్గర తప్ప ఇంకెక్కడా నిజం చెప్పదు. పైగా కిలోమీటర్ల చక్రాలకు ముల్లుతో సంబంధమే లేదు. అవి మునుపటిలాగే తక్కువ తిరుగుతూ ఉంటాయి, నువ్వు ఆయిల్ మార్పించడం ఆలస్యమవుతుంది.

మీటరులో రెండు పనులు వేరువేరుగా జరుగుతాయి. కేబుల్ లోపలి తీగ తిరిగితే దాంతో పాటు ఒక అయస్కాంతం తిరుగుతుంది. దాని పక్కనే, దానికి తగలకుండా, అల్యూమినియం గిన్నె ఒకటి ఉంటుంది. అయస్కాంతం ఆ గిన్నెను తనతో లాగాలని చూస్తుంది, సన్నటి హెయిర్ స్ప్రింగ్ వెనక్కి లాగుతుంది. ఆ పెనుగులాటలో ముల్లు ఎక్కడ ఆగితే అదే వేగం. కిలోమీటర్ల అంకెలు మాత్రం నేరుగా పళ్ల చక్రాల మీద నడుస్తాయి, అక్కడ జారడాలూ బలహీనపడడాలూ ఉండవు. అందుకే నా దగ్గరికి ఎవరొచ్చినా ముల్లు సంగతి తర్వాత, ముందు అంకెల లెక్క తెమ్మంటాను.

హైవే మీద కిలోమీటరు రాళ్లు చూసుకుంటూ 10 కిలోమీటర్లు వెళ్లు. మొదటి రాయి దగ్గరా చివరి రాయి దగ్గరా మీటరు అంకెలు రాసుకో. పక్కన కూర్చున్నవాళ్లు రాయాలి, నడిపేవాడు రోడ్డే చూడాలి. అది తెచ్చాక మాట్లాడదాం.

ఇంకొక్క మాట. ముందు హౌసింగ్ కూడా మార్చారా?

ప్రశ్న వేసినవారు

అన్నా, ముందుది మార్చలేదు. వెనకదొక్కటి చాలన్నారు. 10 కిలోమీటర్లకు మీటరు 8.7 తిరిగింది. రెండుసార్లు చూశాను, అంతే వచ్చింది.

జవాబు (ఆటోనగర్)

మీటరు సంగతి పక్కన పెట్టి ఇది ముందు విను. ముందు 8/43 అంటే 5.38, వెనక 8/39 అంటే 4.88. చక్రం ఒక చుట్టు తిరగడానికి షాఫ్ట్ అన్ని చుట్లు తిరగాలన్నమాట. ఫోర్ వీల్ వేస్తే ట్రాన్స్‌ఫర్ కేస్ (ఇంజన్ బలాన్ని ముందుకూ వెనక్కూ పంచే గేర్ పెట్టె) ముందు షాఫ్ట్‌నూ వెనక షాఫ్ట్‌నూ ఒకే వేగంతో తిప్పుతుంది, కానీ ముందు చక్రాలు వెనకవాటి కంటే పదో వంతు నెమ్మదిగా తిరగాలని చూస్తాయి. బురదలో అయితే చక్రం జారి సర్దుకుంటుంది. తారు రోడ్డు మీద జారే దారి లేక ఆ ఒత్తిడంతా జాయింట్ల మీదా గేర్ల మీదా పడుతుంది. లివర్ వెనక్కి రాకుండా బిగుసుకుపోతుంది, లేదంటే ఏదో ఒకటి విరుగుతుంది. ఘాట్‌లో విరిగితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. ముందుది కూడా 8/39 చేయించే దాకా ఫోర్ వీల్ లివర్ ముట్టుకోవద్దు. ఇంట్లో వేరేవాళ్లు నడిపితే వాళ్లకీ చెప్పు.

ఇప్పుడు లెక్క. మీ జీపుకు స్పీడోమీటర్ కేబుల్ ట్రాన్స్‌ఫర్ కేస్ వెనక షాఫ్ట్ నుంచి వస్తుంది, అంటే క్రౌన్ పినియన్‌కు ముందే. చక్రం ఒక చుట్టు తిరగడానికి షాఫ్ట్ ఇదివరకు 5.375 చుట్లు తిరిగేది, ఇప్పుడు 4.875. అంటే 0.907 వంతు. టైరు ఎత్తు 703 మిల్లీమీటర్ల నుంచి 733కి పెరిగింది, ఒక చుట్టుకు నాలుగు శాతం ఎక్కువ దూరం పోతుంది. 0.907ను 1.043తో భాగిస్తే 0.87. నీ రాళ్ల లెక్క కూడా అదే చెప్పింది.

కానీ కేబుల్ తేడా ఒక్కటే అయితే 60 దగ్గర ముల్లు 52 చూపించాలి. నీది 48 చూపించింది. ఆ మిగతా 4 మీటరు లోపలిది, అయస్కాంతం బలం తగ్గి ఉంటుంది. రెండు జబ్బులున్నాయి, రెంటికీ ఒకే మందు వేస్తే కుదరదు. ముందు కేబుల్ వైపు సరిచేయాలి, ఆ తర్వాతే ముల్లు.

కేబుల్ ట్రాన్స్‌ఫర్ కేస్‌లోకి దిగే చోట కేబుల్‌ను తిప్పే చిన్న పినియన్ (పళ్ల చక్రం) ఉంటుంది, ఇది క్రౌన్ పినియన్ కాదు. దాని పళ్లు లెక్కపెట్టు. వాటిని 0.87తో గుణిస్తే కావలసిన పళ్లు తెలుస్తాయి. పళ్లు తగ్గితే కేబుల్ వేగంగా తిరుగుతుంది.

ప్రశ్న వేసినవారు

16 పళ్లు ఉన్నాయన్నా.

జవాబు (ఆటోనగర్)

16ను 0.87తో గుణిస్తే 13.9. కాబట్టి 14 పళ్లది కావాలి. పాతది జేబులో వేసుకుని స్పేర్ పార్ట్స్ కొట్టుకు వెళ్లు, నోటితో చెబితే ఏదో ఒకటి ఇస్తారు. రెండూ పక్కపక్కన పెట్టి పళ్ల వాలు ఒకేలా ఉందో, కాడ మందం ఒకటేనో చూడు. బిగించాక కేబుల్ తగిలించే ముందు బండిని ఒక మనిషి చేత నెట్టించి, పినియన్ పట్టకుండా సాఫీగా తిరుగుతోందో చూడాలి. సీలు కొత్తది వెయ్యి, పాతదే వేస్తే గేర్ ఆయిల్ కేబుల్ వెంట పైకి ఎక్కుతుంది. కేబుల్ తీగకు పల్చగా గ్రీజు రాయి, కానీ మీటరు వైపు చివర జానెడు మేర పొడిగా వదిలేయి. అక్కడ రాస్తే గ్రీజు లోపలికి పోయి గిన్నెకు అంటుకుంటుంది.

సరిపడే పినియన్ దొరక్కపోతే కేబుల్ మధ్యలో బిగించే చిన్న గేర్ పెట్టె పెట్టించుకోవచ్చు. నా మట్టుకు పినియనే మేలు.

ఇంకొకరు (ఖమ్మం నుంచి)

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా బండికి కేబుల్ లేదు, వైర్లే ఉన్నాయి. మాకూ ఇదే పద్ధతా?

జవాబు (ఆటోనగర్)

సెన్సర్ ఎక్కడుందో చూడండి. గేర్‌బాక్స్ వెనక ఉంటే ఇదే తేడా వస్తుంది, పినియన్‌కు బదులు సెన్సర్ పల్స్‌లను లెక్కప్రకారం పెంచే చిన్న ఎలక్ట్రానిక్ పెట్టె వైర్ల మధ్యలో పెడతారు. వేగం చక్రాల దగ్గరి ఏబీఎస్ సెన్సర్ల నుంచి వస్తుంటే క్రౌన్ పినియన్ మార్చినా మీటరు మారదు, టైరు సైజు మారితేనే మారుతుంది.

ప్రశ్న వేసినవారు (రెండు వారాల తర్వాత)

అన్నా, 14 పళ్ల పినియన్ దొరికింది. ముల్లు సున్నాకు తెచ్చాక చూస్తే 10 కిలోమీటర్లకు 9.9 తిరిగింది. 60 దగ్గర ముల్లు 55 చూపించింది, మీరన్నట్టే మీటరులో కొంచెం మిగిలింది. వేరే షాపులో మీటరు విప్పించి అయస్కాంతం చార్జ్ చేయించాను. ఇప్పుడు ఫోన్‌లో 30 ఉంటే 31, 60 ఉంటే 62.

జవాబు (ఆటోనగర్)

చాలా సంతోషం తమ్ముడూ. ఆ రెండు కిలోమీటర్లు అలాగే ఉండనీ. మీటరు అసలు వేగం కంటే కాస్త ఎక్కువ చూపించినా ఫర్వాలేదు, తక్కువ మాత్రం చూపించకూడదు. యూరప్ నిబంధనల్లో కూడా తక్కువ చూపించడానికి ఒప్పుకోరు. పినియన్ మార్చిన తేదీ, ఆ రోజు మీటరు అంకె సర్వీసు పుస్తకంలో రాసిపెట్టు. రేపు బండి కొనేవాళ్లకు చూపించవచ్చు. ముందు హౌసింగ్ ఎప్పుడు విప్పుతున్నారు?

ప్రశ్న వేసినవారు

8/39 సెట్టు చెప్పి ఉంచాను, వచ్చే ఆదివారం విప్పుతాం. అప్పటిదాకా ఫోర్ వీల్ లివర్‌ను తాడుతో కట్టేశాను.