అప్‌డేట్: గీకు, గోకు, గీరు ఒకటి కావు

'గీకు', 'గోకు', 'గీరు' మూడూ ఒకటేనా అని అడిగాను కదా, తేలింది ఇది. గీకితే అంచున్న పనిముట్టుకు పైపొర ఊడొస్తుంది: మాడిన గిన్నె, పాత పెయింటు. (కొబ్బరిని మాత్రం కోరాలి.) గోకడానికి గోళ్లు చాలు, దురద తీరితే పని అయినట్టే. గీరితే చార మిగులుతుంది. ఈ గీరుకు తమిళ 'కీఱు', కన్నడ 'గీరు' తోబుట్టువులు. గీయు, గీత కూడా ఆ కుదురువే.

నన్ను తికమక పెట్టింది 'గీత కార్మికుడు'. అక్కడ గీయడమంటే బొమ్మ గీయడం కాదు, కల్లు కారేలా తాటి గెల కొసను పల్చగా చెక్కడం. గడ్డం గీసుకోవడంలోనూ ఆ అర్థమే. కార్డు గీకడం కొత్త వాడుక. అందులో పొరేమీ ఊడదు, జేబే ఖాళీ అవుతుంది.