కూలీల పిల్లల చిన్న బడి: ఉంచాలా, పెద్ద బడిలో కలపాలా?

ఏకోపాధ్యాయురాలు: మాది ఆదోని వైపు పల్లె. ఒకటి నుంచి ఐదు దాకా 19 మంది పిల్లలు, టీచరును నేనొక్కదాన్నే. దాదాపు అందరూ పొలం కూలీల పిల్లలు. రెండున్నర కిలోమీటర్ల అవతల ఉన్న పెద్ద బడిలో మా బడిని కలిపేస్తారని మాట నడుస్తోంది. నేను వద్దంటున్నాను. ఊళ్లో సగం మంది కలపమంటున్నారు. మీరేమంటారు?

రిటైర్డ్ హెచ్‌ఎం: కలపాల్సిందేనమ్మా. మీ కష్టాన్ని తక్కువ చేయడం లేదు. మీరు సెలవు పెడితే బడికి తాళం, మండలంలో మీటింగంటే తాళం. సర్దుబాటు మీద వేరే బడి నుంచి ఎవరైనా వచ్చినా, ఆ పూట అన్నం పెట్టించి పంపడమే. విద్యాహక్కు చట్టం 60 మంది వరకూ ఇద్దరు టీచర్లు ఉండాలంటుంది, ప్రాథమిక తరగతులకు ఏడాదికి 800 గంటల బోధన అంటుంది. మీ ఒక్కరి 800 గంటల్ని ఐదు తరగతులకు పంచండి. తరగతికి 160 గంటలు. పేదపిల్లలకు ఇది చాలునా?

ఏకోపాధ్యాయురాలు: సార్, తరగతుల వారీగా చెబితేనే ఆ లెక్క. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ వాళ్లు ఇలాంటి బడుల కోసమే కార్డుల పద్ధతి తయారు చేశారు. పిల్లలందరూ ఒకే గదిలో ఉన్నా ఎవరి మెట్టు మీద వాళ్లుంటారు. కర్ణాటక సర్కారు బడుల్లోని నలి-కలి పద్ధతి దాన్నుంచే వచ్చింది. పత్తికో మిరపకాయలకో వెళ్లి రెండు నెలల తర్వాత వచ్చిన పిల్ల తను ఆగిన కార్డు దగ్గరే మొదలుపెడుతుంది. పెద్ద బడిలో అయితే పాఠం ఎక్కడికో వెళ్లిపోయి ఉంటుంది. ఆ పిల్ల వెనక బెంచీలో బొమ్మలా కూర్చోవాలి.

రిటైర్డ్ హెచ్‌ఎం: అక్కడ కార్డులున్నాయి, శిక్షణ ఉంది, వెనక ఒక సంస్థ ఉంది. మీకేముంది? 30 మంది లోపుంటే సమగ్ర శిక్ష పథకం కింద బడి ఖర్చులకిచ్చే గ్రాంటు ఏడాదికి 10 వేలు. సుద్దముక్కల నుంచి బాత్రూం తలుపు దాకా అన్నీ అందులోనే. పైగా యాప్‌లో హాజరు, భోజనం లెక్కలు మీరే ఎక్కించాలి. కార్డులు ఎప్పుడు చేస్తారు, రాత్రిళ్లా?

కూలీ బిడ్డ: ఇద్దరూ బడి లోపలి సంగతే మాట్లాడుతున్నారు. మా అమ్మ పొద్దున ఏడుకల్లా ముఠా ఆటో ఎక్కేది. బడి తొమ్మిదికి. ఆ రెండు గంటలు ఇంట్లో పెద్దవాళ్లంటే మా అక్కే, అప్పటికి నాలుగో తరగతి. తమ్ముణ్ని అంగన్‌వాడీలో దించి తను బడిలోకి వచ్చేది, రెండూ ఒకే ఆవరణలో ఉండేవి కాబట్టి. బడి రెండున్నర కిలోమీటర్లు జరిగి అంగన్‌వాడీ ఊళ్లోనే ఉండిపోతే చదువు మానేది అక్కే. నేను ఎలాగూ వెళ్లేవాణ్ని, మగపిల్లాణ్ని కదా. రిజిస్టర్లో 19 మంది అని చూస్తారు గానీ, అందులో ఎంతమంది చంకలో ఇంకో పిల్ల ఉందో ఎవరూ అడగరు.

విద్యా కమిటీ సభ్యురాలు: మా ఊళ్లోనూ అంతే. కాస్త ఉన్నవాళ్లు పిల్లల్ని ప్రైవేటు బస్సు ఎక్కించారు, మిగిలింది మేమే. ఇప్పుడు సంఖ్య తగ్గిందని మా బడే తీసేస్తామంటే ఎట్లా? ఒకటి మాత్రం హెచ్‌ఎం సార్‌తో ఒప్పుకుంటా. టీచరు రాని రోజు మా పిల్లలు ఊరి మీద తిరుగుతారు. చెరువు పక్కనే ఉంది, భయంగా ఉంటుంది.

రిటైర్డ్ హెచ్‌ఎం: అయితే 1, 2 తరగతులు ఊళ్లో ఉంచి, పైవాళ్లను పెద్ద బడికి పంపండి.

ఏకోపాధ్యాయురాలు: 2022లో జీవో 117 పేరుతో చేసింది దాదాపు అదే కదండీ. 3, 4, 5 తరగతుల్ని హైస్కూళ్లకు తరలించారు. తర్వాతి ప్రభుత్వం ఆ జీవోను వెనక్కి తీసుకుంది. ఈ తమ్ముడు చెప్పినట్టు, చిన్నపిల్లల్ని చూసుకునే అక్కలు ఉండేది ఆ మూడు తరగతుల్లోనే. ప్రాథమిక బడి కిలోమీటరు నడకలో ఉండాలన్న నిబంధన ఊరికే పెట్టలేదు.

ఇంకోటి. మా వైపు సంక్రాంతి దాటితే కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు మిరప కోతలకు వెళ్తాయి. ఎవరు ఏ మేస్త్రి వెంట వెళ్లారో నాకు తెలుసు, ఫోన్ చేస్తాను. అవ్వ దగ్గర వదిలి వెళ్లమనో, వలస వెళ్లేవాళ్ల పిల్లల కోసం నడిపే సీజనల్ హాస్టల్లో పెట్టమనో వెళ్లకముందే బతిమాలతాను. మూడొందల మంది ఉన్న బడిలో ఈ పని ఎవరికి అప్పగిస్తారు?

రిటైర్డ్ హెచ్‌ఎం: మంచి టీచరు ఉన్నంతకాలం మీ మాట నిజం. మీకు బదిలీ అయితే? వచ్చే మనిషి ఫోన్ చేస్తారా? ఒక మనిషి మంచితనం మీద బడి నడపకూడదమ్మా. నా మాట మారలేదు.

కూలీ బిడ్డ: అందుకే సార్ రెండో టీచరు కావాలి. చట్టంలో ఉన్నదని మీరే చెప్పారు. లేనిది ఇప్పించకుండా ఉన్నది ఎత్తేయడం ఏం న్యాయం?

విద్యా కమిటీ సభ్యురాలు: కలిపితే ఆటో ఎవరు పెడతారు, డబ్బులు ఎన్నాళ్లు ఇస్తారు? కాగితం మీద రాసిస్తే మాట్లాడదాం. నోటిమాటలు చాలా విన్నాం.

ఏకోపాధ్యాయురాలు: సోమవారం మా విద్యా కమిటీ సమావేశం. పొద్దున పదకొండుకు పెట్టమని పైనుంచి చెప్పారు. ఆ వేళకు తల్లులంతా చేలల్లో ఉంటారు, వచ్చేది కలపమనేవాళ్లే. రాత్రి ఏడున్నరకు మార్చమని అడిగాను.

రిటైర్డ్ హెచ్‌ఎం: మార్పించండి. నేను కలపమనేవాణ్నే అయినా, తల్లులు లేకుండా తీర్మానం రాస్తే ఒప్పుకోను. రెండో టీచరు సంగతి మొదటి అంశంగా రాయించండి.