అప్‌డేట్: నాన్న ఫోన్ తెరుచుకుంది

నాన్న ప్యాటర్న్ మర్చిపోతే ఎవరో పవర్, వాల్యూమ్ బటన్లతో రీసెట్ చేసేశారని, అప్పటినుంచి ఫోన్ పాత గూగుల్ ఖాతా అడుగుతూ ముందుకు కదలట్లేదని రాశాను కదా. పని అయిపోయింది. సలహాలిచ్చిన అందరికీ చాలా థాంక్స్.

ఆయనకు జీమెయిల్ ఐడీయే గుర్తులేదు. సిమ్ తీసి నా ఫోన్‌లో వేసి, గూగుల్ సైన్ ఇన్ పేజీలో 'ఈమెయిల్ మర్చిపోయారా' నొక్కి, ఆయన నంబరు, పేరు ఇచ్చాం. ఓటీపీ కొట్టగానే ఐడీ కనబడింది: ఇంటిపేరు పక్కన పుట్టిన సంవత్సరం. ఫోన్ కొన్న రోజు షాపు అబ్బాయి పెట్టిందట!

పాస్‌వర్డ్ రికవరీ మాత్రం ఆయన ఇదివరకు లాగిన్ అయిన ట్యాబ్ నుంచి, ఇంటి వైఫై మీదే చేశాం. తెలిసిన డివైజ్, తెలిసిన చోటు అయితే గూగుల్ నమ్మే అవకాశం ఎక్కువ. కొత్త పాస్‌వర్డ్ పెట్టాక 24 గంటలు ఆగి ఫోన్‌లో కొట్టాం, తీసుకుంది.

డబ్బులిస్తే ఖాతా అడగకుండా బైపాస్ చేస్తామన్నవాళ్లకు ఫోన్ ఇవ్వలేదు. రీసెట్ చేశాక పాత ఖాతా అడిగే ఈ తాళం ఆండ్రాయిడ్ 5.1 నుంచి ఉంది, దొంగలను ఆపడానికి పెట్టిందే; ఖాతా మనదైతే దారి గూగుల్‌లోనే ఉంది. ఖాతా దొరక్కపోతే మాత్రం కొన్న బిల్లు పట్టుకుని కంపెనీ సర్వీస్ సెంటర్‌కే వెళ్లండి.

వాట్సాప్ చాట్లు బ్యాకప్ నుంచి వచ్చాయి. బ్యాకప్ కాని ఫొటోలు పోయాయి, అదొక్కటే బాధ.